షెడ్డు గుమ్మంలో మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. తెల్లారేసరికి అన్నయ్య, అంటే ఆవిడ కొడుకు, ఫోన్ చేశాడు. "అమ్మ ఎలిపోయిందే. అన్నం తిని పడుకున్నాది, మరి లేవలేదు" అన్నాడు. శ్రీకాకుళం నుంచి గజపతినగరం దాకా కారులో నేను ఏడవలేదు. పక్కన మా ఆయన, వెనక మా అత్తగారు. పెద్దమ్మ గురించి వాళ్లకు నేను ఏమేం చెప్పలేదో తలచుకుంటూ కూర్చున్నాను.

ఆవిడ మా అమ్మకు అక్క. చీరలకు ఫాల్ కుట్టి బతికింది. కానీ మా పేటలో అందరూ ఆవిడను ఎరిగింది ఆడపిల్లల వెయిట్‌లిఫ్టింగ్ షెడ్డు గుమ్మంలో. చర్చి వెనక రేకుల షెడ్డులో ఒక కుర్ర మాస్టారు పిల్లలకు బరువులెత్తడం నేర్పుతానని మొదలుపెట్టాడు. మగపిల్లలు వెళ్లారు. ఆడపిల్లను ఒక్కరూ పంపలేదు. అప్పుడు పెద్దమ్మ ఒక కుర్చీ పట్టుకెళ్లి ఆ గుమ్మంలో వేసుకుంది. "నానిక్కడే కూకుంటాను. మీ గుంటల్ని పంపండి" అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. రోజూ పొద్దున్నే ఒళ్లో ఎవరిదో చీర, చేతిలో సూది, కళ్లు మాత్రం మా మీద. ఆవిడ జన్మలో ఒక్క బరువూ ఎత్తలేదు. ఆవిడ కూర్చోబట్టే మేం ఎత్తాం.

నేను లావుగా ఉండేదాన్ని. బడిలో వెనక బెంచీలో భుజాలు ముడుచుకుని, పుస్తకాల సంచి గుండెలకు అదుముకుని కూర్చునేదాన్ని. అది చూసే నన్ను షెడ్డుకు లాక్కెళ్లింది. పదో తరగతి చదువు పాడవుతుందని మా నాన్న కోప్పడితే, పెద్దమ్మ నవ్వింది.

"మార్కులు వస్తే దీనికొక్కదానికే గదా బాబూ. ఇక్కడ పక్కపిల్ల బరువు లేపితే ఇది సప్పట్లు కొడతాది. ఆ బుద్ధి ఏ టూషన్లో సెప్తారో సెప్పు, అక్కడికే పంపుదాం."



మాస్టారు మాకు మొదట నేర్పింది ఎత్తడం కాదు, పడేయడం. మోయలేనప్పుడు రాడ్డును ఎలా వదలాలి, ఎటు తప్పుకోవాలి, అదే నేర్పాడు. తప్పితే ఏం చేయాలో అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. బడిలోనూ ఇంట్లోనూ తప్పకూడదనే చెప్పారు.

రాజాంలో పోటీలు జరిగినప్పుడు మొదటిసారి ఒంటికి అతుక్కునే ఆ సూటు వేసుకోవాల్సి వచ్చింది. బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నాను. పెద్దమ్మ తలుపు కొట్టింది.

"ఓలే, లోపలేటి సేస్తన్నావ్?"

"నాను రాను పెద్దమ్మా. అందరూ నా తొడలే సూస్తారు."

"సూడనీ. ఆ తొడలే గదా బరువు లేపేది. సూసినోల కళ్లేటైనా లేపుతాయేటి?"

ఏడుపులో నవ్వొచ్చి గడియ తీశాను. ఆ రోజు ఎత్తిన ప్రతిసారీ రాడ్డు నా చేతుల్లోంచి జారిపోయింది. జనం నవ్వారు. తిరుగు బస్సులో పెద్దమ్మ ఉడికించిన గుడ్డు వలిచి నా చేతిలో పెట్టి, "పడేస్తే పడేసావు గానీ, ఎంత బాగా పడేసావే! కాళ్ల మీద ఏసుకోలేదు" అంది. ఇప్పటికీ నాకు దక్కిన పెద్ద మెచ్చుకోలు అదే.

పతకం ఎప్పుడూ రాలేదు. కానీ నిటారుగా నడవడం వచ్చింది. ఇంటర్వ్యూలో నాలుగు ప్రశ్నలకు జవాబు తెలియకపోయినా ఐదోదానికి గొంతు వణకకుండా చెప్పి బ్యాంకు ఉద్యోగం తెచ్చుకున్నాను. మీ పిల్లలు ఆటకో పాటకో నాటకానికో వెళతామంటే చదువు పోతుందని భయపడకండి. నాకు దక్కిన చదువులో సగం ఆ రేకుల కింద దొరికింది.

ఇలా రాయడానికి నాకు అర్హత లేదు. పెళ్లి కుదిరినప్పుడు బరువులెత్తిన సంగతి చెప్పొద్దని ఇంట్లో అన్నారు. నేనూ సరేనన్నాను. అత్తవారింట్లో ఇంతవరకూ చెప్పలేదు.

పాస్టరుగారి ప్రార్థన అయ్యాక శవపేటిక ఎత్తడానికి మగవాళ్లు ముందుకొచ్చారు. అప్పుడే షెడ్డు పిల్లలు, పాతవాళ్లూ కొత్తవాళ్లూ, తెల్లబట్టల్లో గుంపుగా లోపలికి వచ్చారు. వాళ్ల ముందు నా జోడీ నిలబడింది. నాతోపాటే సాధన చేసిన ఆమె ఇప్పుడు పోలీసు కానిస్టేబులు.

"ఆడోలు పెట్టె మోత్తారేటి? ఆగండమ్మా" అన్నాడు సంఘపెద్ద.

"మేం మోత్తాం తాతా. ఇన్నాళ్లూ మమ్మల్ని ఆవిడే మోసింది" అంది నా జోడీ.

అన్నయ్య కళ్లు తుడుచుకుని, "మొయ్యనీండి. అమ్మకి ఆళ్లూ పిల్లలే" అన్నాడు. సంఘపెద్ద పక్కకు జరిగాడు.

నా జోడీ నా వైపు తిరిగింది. "రాయే. ఎడమ పక్క ఖాళీ ఉన్నాది."

నేను మా అత్తగారు నిలబడ్డ వైపు చూశాను. పైట భుజాల చుట్టూ లాక్కున్నాను. "నడుం నొప్పి" అన్నాను. నాకు ఏ నొప్పీ లేదు. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, ఇంకో పిల్లను పిలిచింది. పేటిక కింద భుజాలు పెట్టి అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టి లేచారు. పేటిక కొంచెం కూడా ఒరగలేదు. సమాధుల తోట దాకా నేను దాని వెనక పూలు పట్టుకుని నడిచాను.

మట్టి వేసి తిరిగి వస్తుంటే మా అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్లలు ఎంత బాగా మోసారే! కడుపు నిండిపోనాది. నువ్వు పెద్దమ్మ ఇంట్లో పెరిగినట్టే గదా, నువ్వూ ఓ భుజం ఇయ్యాల్సింది."



అన్నయ్య ఇంటి ముందు కుళాయి దగ్గర అందరూ కాళ్లు కడుక్కుంటున్నారు. ఆ పొద్దున్నే వేసిన పేటిక వార్నీషు పూర్తిగా ఆరలేదు కాబోలు, మోసిన ప్రతి పిల్ల తెల్లబట్ట మీదా భుజం దగ్గర గోధుమరంగు మరక పడింది. ఎవరూ దాన్ని కడుక్కోవడం లేదు. నా చీర భుజం దగ్గర ఇస్త్రీ మడత కూడా చెదరలేదు.