రత్నమ్మత్త తుడిచిన చేయి

కౌంటరు అద్దం కింది సందులోంచి ఒక చేయి లోపలికి వచ్చింది. చేతికన్నా ముందే వాసన వచ్చింది. ఉడికిన పట్టుగూళ్ల వాసన. గూటిలోని పురుగు వేడినీళ్లలో ఉడికినప్పుడు వచ్చే ఆ వాసన కొత్తవాళ్లకు కడుపులో తిప్పుతుంది. నాకు మాత్రం ఆకలి వేస్తుంది. చిన్నప్పుడు అమ్మ ఆ వాసనతో పని నుంచి వచ్చాకే మా ఇంట్లో పొయ్యి వెలిగేది మరి. విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఫీజు సాయం దరఖాస్తులు చూసే విభాగంలో నా ఉద్యోగం. "హిందూపురమా అమ్మా?" అని అడిగాను. ఆమె బెదిరిపోయి చేయి వెనక్కి తీసుకుంది. "ఔ మేడమ్. వేలిముద్ర పడల్యా అంటాండారు. రెండు చోట్ల చూసినాం, ఈ పొద్దే ఆఖరంట" అంది. పక్కన ఆమె కూతురు తల దించుకుని గోళ్లు కొరుక్కుంటోంది. ఆ పిల్లను చూస్తే నాకు నేను గుర్తు రావాలి. కానీ రత్నమ్మత్త గుర్తొచ్చింది.

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు వెనక వీధిలో రత్నమ్మత్తకు పట్టునూలు తీసే షెడ్డు ఉండేది. మా అమ్మ లక్ష్మమ్మ అందులో కూలి. గూళ్లను వేడినీళ్ల తొట్టిలో వేసి, కంటికి సరిగా ఆనని పోగు కొసలను వేళ్లతో వెతికి పట్టుకుని, తిరిగే రాట్నానికి అందించడం ఆమె పని. మా నాయన పోయినప్పటి నుంచి మా సంసారం ఆ తొట్టి మీదే నడిచింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన రత్నమ్మత్తకు ఊరంతా చెడ్డదే. గూళ్లలో తడి ఉందని రైతుతో, టీలో చక్కెర ఎక్కువైందని కొట్టువాడితో, గూళ్లు ఆరబోసిన రోజే వానొచ్చిందని దేవుడితో తగాదా పెట్టుకునేది. ఆమె అరుపు వీధి మొదట్లోకే వినిపించేది. చిన్నప్పుడు నేను అమ్మ కొంగు పట్టుకోకుండా ఆ షెడ్డులోకి అడుగు పెట్టేదాన్ని కాదు.

డిగ్రీ అయ్యాక నాకు విశ్వవిద్యాలయంలో పీజీ సీటు వచ్చింది. మా వంశంలో అంత దూరం చదువుకు పోయినవాళ్లు లేరు. ప్రభుత్వ సాయం వస్తేనే ఆ ఫీజు కట్టగలం, లేకపోతే సీటు వదులుకోవాల్సిందే. దరఖాస్తు పెట్టాను, కాగితాలన్నీ సరిపోయాయి. ఇక మిగిలింది విద్యార్థి వేలిముద్ర, తల్లి వేలిముద్ర. నాది వెంటనే పడింది. అమ్మ వేలు పెడితే యంత్రం ఎర్రగా వెలిగి ఊరుకుంది. తుడిచి పెట్టినా అంతే, వేలు మార్చినా అంతే. ఏళ్ల తరబడి వేడినీళ్లలో నానిన ఆ వేళ్ల కొసలు ఉడకబెట్టి వలిచిన శనక్కాయ గింజల్లా నున్నగా అయిపోయాయి. యంత్రం దగ్గరి కుర్రవాడు మంచివాడే. "మీ అమ్మ వేళ్లకు గీతలే లేవక్కా. కొన్ని దినాలు నీళ్లలో చెయ్యి పెట్టకుంటే తిరిగొస్తాయి. ఆఖరు తేదీ లోపల మళ్లీ పిల్చుకోని రా" అన్నాడు. బయటికి వచ్చాక అమ్మ మెట్ల మీదే కూలబడి తన చేతుల వైపు చూసుకుంది. "ఈ చేతులతోనే నిన్ను సాకితి. ఇవే నీకు అడ్డం పడె గదమ్మా" అంది. ఆ మాట నేను ఇప్పటికీ పూర్తిగా తలుచుకోలేను.

పని మానేస్తే కూలి ఉండదు. పైగా అది గూళ్లు బాగా దిగే కాలం. రత్నమ్మత్తకు చెప్పడానికి అమ్మ జంకింది, నేనే చెప్పాను. అనుకున్నట్టే ఆమె ఎగిరిపడింది.

"ఏమ్మే లక్ష్మీ, షెడ్డు నిండా గూళ్లు పెట్టుకోని నువ్వు ఇంట్లో కుచ్చుంటావా? ఏది, ఆ చెయ్యి ఇట్ల తే!"

అమ్మ చేయి లాక్కుని, కిటికీ వెలుతురులోకి తిప్పి, ఒక్కో వేలూ నొక్కి చూసింది. రత్నమ్మత్త నోరు మూసుకోవడం నేను అదే మొదలు చూడటం.

"ఇదంతా నా తొట్టి చేసిన పనే గదమ్మే" అంది చివరికి. "రేపటి నుంచి తొట్టి తాకొద్దు. షెడ్డుకు రా, గోడకాడ కుచ్చో. కూలి కూలే."

"మరి తొట్టికాడ ఎవురుంటారక్కా?"

"నేను సచ్చినానా? నా చేతులేమన్నా బంగారువా?"

మరుసటి రోజు నుంచి యజమానురాలు తొట్టి ముందు కూర్చుంది, కూలి గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ చేతులకు ఆముదం రాసుకుని ఒళ్లో పెట్టుకుని, ఇతరుల ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఇబ్బందిగా కదిలేది. రత్నమ్మత్తకు పని అలవాటు తప్పి ఎన్నో ఏళ్లయింది. వేడికి చురుక్కుమంటే నీళ్లను తిట్టేది, పోగు తెగితే పురుగును తిట్టేది. ఇంట్లో అంట్లు, బట్టలు అన్నీ నేనే చేశాను. సాయంత్రం వెలుతురు ఉండగానే అమ్మ వేళ్లు పట్టుకుని చూసేదాన్ని. సన్నగా, ముగ్గు చెరిపేశాక మిగిలిన జాడల్లా గీతలు తేలుతున్నాయి. అవి తేలేది ముందో, ఆఖరు తేదీ వచ్చేది ముందో తెలియక నాకు అన్నం సయించేది కాదు. తొందరపడి చెడగొట్టుకోవద్దని, ఆఖరు రోజు దాకా ఆరనిద్దామని రత్నమ్మత్తే తేల్చింది.

ఆ రోజు పొద్దున తయారై షెడ్డుకు వెళ్లాం. రత్నమ్మత్త కూడా వస్తానంది. తొట్టిలో ఆఖరి గూళ్లు ఉన్నాయి, అవి అయ్యాక బయల్దేరాలి. అమ్మ ఆమె వెనక నిలబడి చూస్తోంది. పోగు తెగింది. రత్నమ్మత్త తడుముకుంది, కొస దొరకలేదు. ఇంతలో అమ్మ చేయి వెళ్లి తొట్టిలో మునిగింది. తెగిన పోగును చూస్తూ ఊరికే ఉండటం ఆ చేతికి తెలియదు. కొస పట్టి, అతికించి, రాట్నం తిరిగాక గానీ అమ్మకు తాను ఏం చేసిందో తెలియలేదు. పొగలు కక్కే నీళ్లలోంచి వచ్చిన వేళ్లు ఎర్రగా ఉబ్బాయి. నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. అమ్మ మీద అరిచేదాన్నే. రత్నమ్మత్త నన్ను చేత్తో పక్కకు నెట్టి, తన కొంగు తీసి, అమ్మ వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది.

"ఆమెను ఏమనొద్దు పాపా. ఆ చేతికి పని నేర్పింది నేను. పద, పొద్దు పోతాది."

హిందూపురంలో యంత్రం ఎర్రగానే వెలిగింది. పెనుకొండలో కొత్త యంత్రం పెట్టారని ఎవరో అంటే బస్సెక్కాం. దారి పొడవునా రత్నమ్మత్త అమ్మ చేతిని కిటికీ బయటికి పట్టి గాలికి ఆరబెట్టింది. పెనుకొండలో వరుస బయట రోడ్డు దాకా ఉంది. మా వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. అక్కడా ఎరుపే. ఇక ధర్మవరమే దిక్కన్నారు, అదీ కేంద్రం మూసేలోగా చేరితే. రైల్లో నాకు ధైర్యం జారిపోయింది. "వద్దులే అత్తా. అందరి ముందరా ఇట్ల దేబిరించేది నా వల్ల కాదు. ఇంటికి పోదాం" అన్నాను.

"నోరు మూసుకో" అంది రత్నమ్మత్త. "దేబిరించేకి పోతాండామా? మీ అమ్మ చేతుల్ని తినేసిన చదువు అది. ఫీజు ఇస్తామని గవర్మెంటోళ్లే చెప్పినారు, తీసుకునేకి పోతాండాం. తల పైకెత్తు ముందు."

ధర్మవరం కేంద్రంలో సగం తలుపు మూసి ఉంది. లోపల ఉన్నతను గడియారం చూస్తూనే అమ్మ కుడిచేతి వేళ్లు పెట్టించాడు. ఎరుపు, ఎరుపు, ఎరుపు. "అయ్యేది కాదమ్మా, నేను మూసేయల్ల" అంటూ లేచాడు. రత్నమ్మత్త కుర్చీ ఈడ్చుకుని తలుపుకు అడ్డంగా వేసి కూర్చుంది.

"ఎడమచెయ్యి చూడలేదే నువ్వు? అన్ని వేళ్లూ చూసేదంక నేను లేచేది లేదప్పా. పోలీసుల్ని పిల్చుకో, వాళ్లకూ ఇదే చెప్తా."

అతను విసుక్కుంటూ కూర్చున్నాడు. ఎడమ బొటనవేలు, చూపుడువేలు పడలేదు. నేను కళ్లు మూసుకున్నాను. ఉంగరపు వేలు పెట్టినప్పుడు యంత్రం కూత వేరుగా వినిపించింది. కళ్లు తెరిస్తే పచ్చగా ఉంది. "ఏమాయె? ఏమాయె?" అని అమ్మ అందరినీ అడుగుతోంది. జవాబు చెప్పాల్సిన రత్నమ్మత్త కుర్చీలోనే మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. తర్వాత స్టేషన్లో టీ తాగుతూ చక్కెర ఎక్కువైందని కొట్టువాడిని కడిగేసింది. ఆ అరుపు నాకు అంత ముద్దుగా ఎప్పుడూ వినిపించలేదు.

ఆ నెల రేషన్ కొట్లో రత్నమ్మత్త వేలిముద్ర పడలేదట. మా ఇంటికి వచ్చి మరీ చెప్పి నవ్వింది. "మీ అమ్మ వేళ్లు నాకొచ్చినాయి చూడు పాపా!" నేను ఈ ఉద్యోగంలో చేరేటప్పటికి ఆమె లేదు. ఉండి ఉంటే ఈ కౌంటరు ముందు నిలబడి, అద్దానికి దుమ్ము పట్టిందని నాతోనే తగాదా పెట్టుకునేది.

నేను లేచి, చుట్టూ తిరిగి బయటికి వచ్చాను. ఆ తల్లి చేయి ఇంకా చెమ్మగా ఉంది. నా కొంగుతో వేళ్లు ఒక్కొక్కటే తుడిచాను. "తల పైకెత్తు పాపా" అన్నాను కూతురితో. ఇద్దరినీ పక్కనే ఉన్న వేలిముద్రల గదిలోకి తీసుకెళ్లాను. యంత్రం దగ్గర ఉండే మా సహోద్యోగి అప్పటికే సంచీ భుజాన వేసుకుని, "టైమైపోయింది మేడమ్, రెండు చోట్ల పడని వేలు ఇక్కడ పడుతుందా?" అన్నాడు. నేను కుర్చీ లాగి తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాను.

"ఎడమచెయ్యి ఇయ్యమ్మా" అన్నాను ఆమెతో. తర్వాత అతని వైపు తిరిగాను. "అన్ని వేళ్లూ చూసేదంక నేను లేచేది లేదప్పా."

వరండా చివర ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. ఆ మేడంకు నోరు మంచిది కాదని మా ఆఫీసులో అనుకుంటారు. నాకు తెలుసు.