మంద వెనక పలుకు

మొన్న ఆదివారం హిందూపురంలో మా కూతురింట్లో మనవరాలి పక్కన కూర్చుని ఏదో సీరియల్ చూశాను. హాస్టల్ బడిలో చదివే పిల్లల అల్లరి కథ అది. ఒక పిల్లవాడి తండ్రి వస్తే తోటివాళ్ళు వాణ్ణి మంచం కింద దాచేస్తారు, తెలివితక్కువ వార్డెన్ అదే మంచం మీద కూర్చుని వాడి గురించే ఆరా తీస్తుంటాడు, మనవరాలేమో పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో, హాస్టల్ అన్నం తిన్న నా ఈడువాళ్ళకైతే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. నాయన నన్ను పెనుకొండలో ఆడపిల్లల హాస్టల్లో చేర్చాడు. అక్కడ మేమెవరమూ పేర్లతో పిలుచుకునేవాళ్ళం కాదు, ఊరి పేరే మా పేరు; నేను ధర్మవరం, నా పక్క చాప మీద పడుకునే గొర్రెలకాపరి కూతురు చిలమత్తూరు. లెక్కల్లో మా అందరికంటే ముందుండేది, పది పాసై టీచరమ్మ కావాలని దాని ఆశ. సెలవుల్లో వాళ్ళ నాయనతో జీవాల వెంట వెళ్ళేదట. ముందు నాయన, వెనక ఈ పిల్ల, నడుమ మంద. గుట్టలూ కంపచెట్లూ అడ్డొచ్చి ఒకరికొకరు కనబడనప్పుడు ఆయన "ఓ... హోయ్" అని పిలిస్తే వెనక నుంచి అదే రాగంలో పలకాలి. పలుకు రాకపోతే తోడేలో పామో అని ముందున్నవాడి గుండె జారిపోతుంది. అందుకని మాటలు వచ్చిన నాటి నుంచీ, ఏమైనా కానీ పలకాల్సిందేనని నేర్పారట. ఆ పిలుపూ పలుకూ అది మాకూ నేర్పింది. స్నానాలకు వరుసలో నిలబడి హాస్టల్ వెనకున్న కొండ మారుమోగేటట్టు పలికేవాళ్ళం, వార్డెనమ్మ బెత్తం పట్టుకుని వచ్చేదాకా.

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాక దానికి ఊరి నుంచి కబురొచ్చింది. తల్లి మంచాన పడింది, మందను చూసుకునే మనిషి లేదు, నాయన వచ్చి తీసుకుపోతాడని. ఆ పిల్ల ఏడవలేదు, అన్నం మానేసింది. ఆయన గేటు దగ్గర కనబడగానే మేము దాన్ని వంటగది పక్కన రాగుల మూటల వెనక దాచాం. వార్డెనమ్మ చూడనే చూసింది. అబద్ధమాడితే చేతులు వాచేటట్టు కొట్టే ఆ మహాతల్లి, ఆయన "మా పాప యాడుండాదమ్మా" అని అడిగితే తల దించుకుని "ఈడ లేదప్పా, బడి పని మీద హిందూపురం పోయింది" అంది. ఆ రోజు ఆమె మీద కలిగిన గౌరవం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఆయన కాసేపు అరుగు మీద కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, కంబళి భుజాన వేసుకుని గేటు దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి, కొండకేసి తిరిగి ఒక్కసారి పిలిచాడు. కూతుర్ని బయటికి రప్పించాలని పిలిచాడో, దిగులుకొద్దీ గొంతులోంచి అదే వచ్చిందో నేను తేల్చుకోలేను. రాగుల మూటల వెనక నుంచి పలుకు వచ్చింది. పలికేశాక రెండు చేతులతో నోరు మూసుకుందని దాని పక్కన నక్కిన పిల్ల తర్వాత చెప్పింది.

ఆయన కోప్పడలేదు. పరీక్షలయ్యేదాకా ఉండనిమ్మని వార్డెనమ్మ బతిమాలితే, "నాకు మాత్రం ఆశ లేదామ్మా? దీని తల్లి లేయలేకుండా ఉండాది, జీవాలను ఎవురి మింద ఇడిసేది" అని కళ్ళు తుడుచుకున్నాడు. పెట్టె తనే నెత్తిన పెట్టుకున్నాడు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. పరీక్ష గదిలో దాని చోటు ఖాళీగా ఉంటే నాకు ప్రశ్నపత్రం మీద చూపు నిలవలేదు.

ఇప్పుడు ఆ కొండ కింద అలాంటి పిలుపులు వినబడవు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. మొన్న సీరియల్ నడుమ మనవరాలి ఫోను మోగింది, వాళ్ళ నాన్న. తర్వాత మాట్లాడొచ్చులే అని దాన్ని బోర్లించి మళ్ళీ నవ్వులో పడింది. తండ్రి పిలిస్తే పలకవేమే అని మందలించబోయి ఊరుకున్నాను. పలక్కుండా ఉండే ఈ ఒక్క విద్య వచ్చి ఉంటే మా చిలమత్తూరు పది రాసేది.