కాల్చకుండా వదిలిన చదరం

డెబ్బైల చివర్లో హోసూరు అడవుల్లో నా ఉద్యోగం గడ్డి దుబ్బులు లెక్కపెట్టడం. చెబితే మా అత్తగారు కూడా నమ్మలేదు. ఎండలు ముదరకముందే మా అటవీశాఖవాళ్లు కొన్నిచోట్ల కావాలనే గడ్డి తగలబెట్టేవాళ్లు. అది అడవికి మేలో కీడో తేల్చాలి. అందుకని కాల్చిన నేల పక్కనే ఒక చదరం కాల్చకుండా వదిలి, రెండింట్లోనూ ఏ మొక్కలు ఎన్ని లేచాయో ఏటేటా రాసుకోవాలి. మూడేళ్లు రాశాను. మోకాళ్లు అరిగిపోయాయి. బోదగడ్డి అంచులకు తెగిన వేళ్లతో చారన్నం కలుపుకోవాలంటే భయం వేసేది.

కొలతాడు రెండో కొస పట్టుకోవడానికి కెలవరపల్లి వైపు నుంచి ఒక ముసలి పశువుల కాపరి వచ్చేవాడు. ఏ మొలక తుమికో, ఏది చిరుమానో నిలబడిన చోటునుంచే చెప్పేవాడు. అతను చెప్పింది నేను రాసుకునేవాణ్ణి. ఎందుకు రాస్తున్నానో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఓపిక ఉండేది కాదు. నిజం చెప్పాలంటే, అతనికేం అర్థమవుతుందిలే అనుకున్నాను.

నాలుగో ఏడు ఆఖరి లెక్కకు కొండెక్కేసరికి కాల్చని చదరం నల్లగా కనిపించింది. హద్దుకు పాతిన మూలరాళ్లు కూడా మసిబారాయి. ముసలాయన మంట కొట్టి ఆర్పే పచ్చికొమ్మ చేతబట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు.

“వానకు ముందు కాల్చకుంటే కొత్త గడ్డి యాడ వస్తుందప్పా? మీవాళ్లు ఏటా ఈ తునక మర్చిపోయి పోతావుండారు. ఈసారి నేనే అంటించినాను. బయటికి ఒక్క రవ్వ పోనీలేదు.”

కోపం కూడా రాలేదు. అక్కడే బూడిదలో చతికిలబడ్డాను. అతను చెంబుతో నీళ్లిచ్చాడు. తాగి, ఆ చదరం ఎందుకు వదిలామో అప్పుడు చెప్పాను. రెండు మాటల్లోనే అయిపోయింది.

అతను చేతిలోని కొమ్మ బూడిదలో పడేశాడు. “మొదటిదినమే చెప్పింటే నేనే కావలుందును గదప్పా” అన్నాడు.

పేరు రాస్తే అతనిమీద కేసు పెడతారు, పశువులను అడవిలోకి రానివ్వరు. నివేదికలో నిప్పుకు కారణం తెలియదని రాశాను. ఒక చదరం కాపాడుకోలేకపోయావా అని పైఅధికారి చీవాట్లు పెట్టి, ఆ పని అంతటితో ఆపించేశాడు. నిప్పుకు కారణం నాకు తెలుసు. మూడేళ్లు నా తాడు పట్టిన మనిషికి ఆ రెండు మాటలు నేను చెప్పలేదు.