తెనాలి వచ్చేదాకా లాగడం

ఓడిపోతున్న ఆటని మధ్యలో వదిలేసే మనిషిని కాను నేను. గొప్పకి చెప్పడంలేదు, మా రేపల్లె బండి అలవాటు అది. రోజూ పొద్దున్నే రేపల్లెలో ఎక్కి తెనాలి వెళ్తాను. అక్కడ ఒక కంటి ఆసుపత్రిలో కౌంటర్ దగ్గర కూర్చుంటాను. బండిలో మా గుంపుకి చదరంగం పిచ్చి. అయస్కాంతం బోర్డు కాబట్టి రైలు పెట్టె ఎంత ఊగినా పావులు కదలవు. మా రూలు ఒకటే. తెనాలి ప్లాట్‌ఫారం మీద బండి ఆగేలోపు ఆట కట్టాలి. కట్టలేకపోతే, చేతిలోకి వచ్చేసిన ఆటైనా సరే, ఇద్దరూ సమానం.

ఇలాంటి రూలు పెట్టుకున్నాక ఓటమి ఒప్పుకునే వెర్రివాళ్లెవరండీ? వేమూరు దాటేసరికి మంత్రి పోయినా, ఏనుగులు రెండూ పోయినా నేను బెదరను. ఒక్కో ఎత్తుకీ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తాను. మధ్యలో టిఫిన్ డబ్బా తీసి ఎదుటివాళ్లకీ పెడతాను. నోట్లో ఇడ్లీ ఉన్నవాడు తొందరపెట్టలేడు కదా. తెనాలి ముందు సిగ్నల్ దగ్గర బండి ఆగిందా, అప్పుడు మాత్రం నా ప్రాణం ఉసూరుమంటుంది, ఎదుటివాళ్లకి ఇంకాస్త టైము దొరుకుతుంది గనక. రోజూ నాతో ఆడే బాబాయిగారు ఒకాయన నాకు జిడ్డమ్మ అని పేరు పెట్టారు. పెడితే పెట్టారు. నిజం చెప్పొద్దూ, ఆ పేరంటే నాకు ముచ్చటే.

ఇంట్లోనూ ఇదే పాఠం చెప్పాను. మా అమ్మాయి డిగ్రీ అయినప్పటినుంచీ గ్రూప్స్ పరీక్షలు రాస్తోంది. ఒకసారి ప్రిలిమ్స్‌లో పోయింది, ఒకసారి మెయిన్స్ దాకా వెళ్లి పోయింది, ఒకసారి నోటిఫికేషనే కోర్టుకెక్కింది. దాని స్నేహితురాళ్లు ఉద్యోగాల్లో, సంసారాల్లో పడ్డారు. ఇది మాత్రం మేడమీద గదిలో అవే పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. మొదట్లో పైకి చదివేది, వంటింట్లోకి వినపడేది. రానురాను ఆ గొంతు వినపడటం మానేసింది. తిండి తగ్గింది. చుట్టాలొస్తే కిందకి దిగేది కాదు. అప్పుడప్పుడూ నా దగ్గరకొచ్చి ఏదో అనబోయేది. నేను అననిచ్చేదాన్ని కాదు. ఇంకొక్కసారి చూద్దాం, లాగు, లాగితే ఏదో ఒకటి కలిసొస్తుంది అనేదాన్ని. ఇప్పటికీ అది చెడ్డ మాటని ఒప్పుకోను. అన్ని ఆటలకీ సరిపోయే మాట కాదు, అంతే.

మొన్నామధ్య బాపట్లలో ఆదివారం పూట చదరంగం పోటీ పెట్టారు. వయసుతో పనిలేదు, ఎవరైనా ఆడొచ్చన్నారు. బండిలో వాళ్లు నన్ను ఎగదోశారు. తోడు రమ్మంటే మా అమ్మాయి వచ్చింది, చాన్నాళ్లకి గడప దాటింది. ఒక కల్యాణమండపంలో వరసగా బల్లలు వేసి, చూసేవాళ్లు దగ్గరికి రాకుండా తాడు కట్టారు. మొదటి ఆటలోనే నాకు రిటైరైన మాస్టారు ఒకాయన తగిలారు. గంట తిరక్కుండానే నా ఏనుగు పోయింది, ఆ వెనకే మంత్రి పోయింది.

పక్క బల్లల వాళ్లు, ఇక లాభం లేదని తెలియగానే చెయ్యి కలిపి లేచిపోతున్నారు. ఇంత పిరికితనమా అనుకున్నాను. నేను మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాను. పక్కనే ఇద్దరి టైమూ విడివిడిగా లెక్కపెట్టే గడియారం ఉంది. ఇక్కడ ఆలోచించేకొద్దీ కరిగిపోయేది నా టైమేనని తెలుసు. అయినా చెయ్యి గడ్డం కిందకే పోతోంది. అలవాటు చొప్పున సంచిలోంచి టిఫిన్ డబ్బా కూడా తీశాను. పోటీ పెట్టినాయన వచ్చి, లోపల తినకూడదమ్మా అన్నాడు. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు.

చివరికి నాకు రాజు ఒక్కడే మిగిలాడు. మాస్టారు వాణ్ణి మూలకి తరుముతున్నారు. ఆయనకే ఇబ్బందిగా ఉంది పాపం, ఎత్తు వేసినప్పుడల్లా తల దించుకుంటున్నారు. మా అమ్మాయి తాడు అవతల నిలబడి చూస్తోంది. ఒకసారి తలెత్తితే దాని మొహంలో జాలి కనిపించింది. నా మీద జాలో, తన మీద తనకేనో తెలియలేదు. నాకు ఒళ్లు మండింది. ఇంకో ఎత్తు వేశాను. ఆయన ఆట కట్టేశారు.

మిగతా ఆటలూ అలాగే పోయాయి. సాయంత్రం రేపల్లె బస్సు కోసం బస్టాండులో కూర్చున్నాం. పొద్దున ఆయన గెలిచేశారని నీకు తెలీదా, ఎందుకంతసేపు లాగావు అని అడిగింది మా అమ్మాయి. తెలుసు, కానీ ఏమైనా జరగొచ్చుగా అన్నాను. అది బస్సులొచ్చే దారికేసి చూస్తూ అంది.

“అక్కడ తెనాలి రాదుగా అమ్మా.”

బస్సొచ్చింది, ఎక్కాం. అది ఆట గురించి అనలేదని నాకు తెలుసు. తెలిసే కోపమొచ్చింది. వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చుగా, నేనేమన్నా కట్టేసి చదివించానా అన్నాను.

“నేనే మానేస్తే ఓడిపోయినట్టుంటుందమ్మా. నువ్వు చెప్పు. నువ్వు చాలంటే మానేస్తాను.”

చదరంగంలో ఒకరి ఆట ఇంకొకరు వదలలేరు. కన్నతల్లైనా తాడు అవతలే నిలబడాలి. ఇది నన్ను లోపలికొచ్చి ఆ పని చేసిపెట్టమంటోంది. ఇప్పుడు చాలంటే, వచ్చే నోటిఫికేషన్‌లో దానికి రాసిపెట్టి ఉంటే? మా అమ్మ మాట వల్లే పోయిందని బతికినంతకాలం అనుకోదూ? చాలనకపోతే మళ్లీ ఆ మేడమీద గదే. బస్సు చెరుకుపల్లి దాటింది. కండక్టరు మా పక్కనుంచి రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. దాని చెయ్యి పట్టుకున్నాను. గాజు మోచేతి దాకా జారిపోయింది. ఇంత చిక్కిపోయిందా అనుకున్నాను.

“చాలమ్మా. ఇక వద్దులే.”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చిన్నప్పుడు, వాన పడుతోంది, ఇవాళ బడి లేదని చెబితే నా మొహంలోకి చూసేది. అలాగే చూసి అడిగింది.

“నిజంగానా అమ్మా?”