ఏసుబాబుగారి మూడు ఆమెన్‌లు

మా గుంటూరు చర్చి సంఘంలో ఏసుబాబుగారిని మెత్తని మనిషంటారు. నేనైతే వట్టి మొహమాటపు మనిషంటాను. రిటైరైన లెక్కల మాస్టారు, సంఘ కార్యదర్శి. ఎవరికైనా కాదని చెప్పడం ఆయనకు చేతకాదు.

మాకు డెబ్బై ఏళ్లనాటి ఆడపిల్లల హాస్టల్ మేడ ఒకటుంది. పత్తి, మిరప చేలల్లో కూలి చేసుకునే ఆడవాళ్లు పూటపూటా వంట బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడికి దాచితే, ఆ బియ్యం అమ్మి కట్టారు. ఇల్లిల్లూ తిరిగి ఆ పిడికెళ్లు పోగుచేసింది ఈయన తల్లి ఎలీసమ్మ. ఇప్పుడా మేడ పెచ్చులూడుతోంది.

మొదట సంఘ పెద్ద అనిల్ కుమార్ ఇంటికొచ్చాడు. "కూలగొట్టి కాంప్లెక్స్ కడదాం మాస్టారూ, అద్దెలతో పేదపిల్లల్ని చదివించొచ్చు" అన్నాడు. లేచి వెళ్లబోతూ అదే ప్రార్థనగా చేశాడు. మా ఇళ్లల్లో ఎవరైనా ప్రార్థన చేశాక ఆమెన్ అనకపోతే మర్యాద కాదు. ఏసుబాబుగారు అన్నారు.

మర్నాడు, అక్కడే చదువుకున్న శాంతి టీచరు వచ్చింది. "మా మేడమీద గునపం పడనియ్యకు ప్రభువా" అని కళ్లనీళ్లతో ప్రార్థించింది. ఆమెన్. ఆ తర్వాత, ముప్పై ఏళ్లుగా మేడ కింద గదిలో పుస్తకాలు బైండు చేసే ఖాజావలి వచ్చాడు. ఇతను మన ప్రార్థన చేయడులే అని మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. అతను చేతులు చాచి, తన కొట్టు కదలకూడదని దువా చేశాడు. మళ్లీ ఆమెన్.

మాస్టారు మాటిచ్చేశారని ముగ్గురూ ఊరంతా చెప్పుకున్నారు.

నిజానికి ఆయన మనసులో ఒక దారుంది. మేడ ఉంచి, పాడైన గోడలు మాత్రం గునపంతో తీసి బాగుచేయాలి, వెనక పెరట్లో చిన్న కాంప్లెక్స్ కట్టుకోవాలి, పనయ్యేదాకా ఖాజావలి ఖాళీ చేయాలి. అది చెబితే ముగ్గురికీ ఇచ్చిన ఆమెన్ తప్పినట్టే. ఆయనకు అన్నం సయించడం మానేసింది.

ఆదివారం ఆరాధనయ్యాక మీటింగు. ఖాజావలినీ పిలిచారు. కూలగొట్టాలని సగం, ఉంచాలని సగం. మిగిలింది ఈయన ఓటే.

"ముందు ప్రార్థన చేయండి మాస్టారూ" అన్నారు పాస్టరుగారు.

ఆయన మొదలుపెట్టారు. మిరప రైతుల కోసం, కల్లాల్లో కాయ తడవకుండా, రోగుల కోసం, చివరికి సింగరాయకొండలో ఎవరిదో తప్పిపోయిన గేదె కోసం. ఆపితే ఓటు వేయాలి. పావుగంటయింది. ఎవరి కోసమైనా ప్రార్థించాలంటే ఇక ఆయన కోసమే మిగిలింది.

"తండ్రీ, ఈ ముగ్గురికీ కాదని చెప్పే నోరు నాకియ్యి" అన్నారు.

అలవాటుగా అందరం ఆమెన్ అన్నాం. అనిల్, శాంతి, ఖాజావలి కూడా. అన్నాక గానీ దేనికన్నారో వాళ్లకు తెలిసిరాలేదు.

ఏసుబాబుగారు కళ్లు తెరిచారు. అందరం ఆయన వైపే చూస్తున్నాం. నోరు మాత్రం ఇంకా రాలేదు.