నేను చేయని ఫోన్

ఆరేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. నలుగురినీ నవ్వించే గొంతే ఇది. ఆ ఒక్క మాట దగ్గర మూగబోతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

కిషన్‌బాగ్‌లో నాది జిరాక్స్ దుకాణం. నేను తొమ్మిదో తరగతిలోనే బడి మానేశాను గానీ, మా గల్లీ స్వప్న పీహెచ్‌డీ దరఖాస్తులన్నీ నా దగ్గరే ప్రింటయ్యాయి. వాళ్ళ బాపు కంచన్‌బాగ్ లోహాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆమె లోహాల మీద ఎంటెక్ చేసింది. ఇనుము ఎందుకు పగులుతుందో కనిపెడతాననేది. రెండేళ్ళు ఎందరో ప్రొఫెసర్లకు రాసింది. చివరికి ఒకచోట ఇంటర్వ్యూ చేసి వెయిటింగ్ లిస్టులో పెట్టారు. ఇదీ రాకపోతే ఏదో ఒక ఉద్యోగం చూసుకోమన్నారు ఇంట్లో.

నాకేమో గొంతులు మార్చే పిచ్చి. ఆమె దిగులు చూడలేక ఒకసారి ప్రొఫెసర్‌లా ఫోన్ చేసి, ముక్కుతో, "యువర్ సీట్ ఈజ్ రెడీ, బ్రింగ్ యువర్ ఓన్ కుర్చీ" అన్నాను. తిట్టింది, తర్వాత పడీపడీ నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో రెండుసార్లు చేశాను.

ఒక గురువారం మధ్యాహ్నం నవ్వుకుంటూ దుకాణానికి వచ్చింది. గిరాకీలు ముగ్గురున్నారు.

"ఏందన్నా, పొద్దున మళ్ళ ప్రొఫెసర్ అయినవ్? ఈసారి గొంతు మస్తు మార్చినవ్ గదా! నంబర్ గూడ కొత్తది. ఒక సీటు ఖాళీ అయిందంట, రేపు సాయంత్రం లోపల సరే అనాలెనంట!"

"నువ్వేమన్నవ్?"

"మిషిన్ల కాయితం ఇరికింది, ముందుగాల గది తీస్కో సార్ అని పెట్టేసిన."

అందరూ పకపకా నవ్వారు. ఆ పొద్దున నేను ఎవరికీ ఫోన్ చేయలేదు.

'అది నేను కాదు, ఆ నంబరుకు వెంటనే చెయ్' అంటే సరిపోయేది. కానీ నా నోట వచ్చింది వేరు.

"దొరికిపోయిన చెల్లె."

ఎందుకన్నాను? అంతమంది నవ్వుతుంటే ఆ నవ్వు నాది కాదని చెప్పబుద్ధి కాలేదా? లేక నా ఆటల వల్లే ఆమె ఆ ఫోన్ పెట్టేసిందని అక్కడికక్కడే తేలిపోతుందని భయపడ్డానా? మర్నాడు చెబుదామని వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి వచ్చేశాను. నాలుగయింది. అయిదయింది. గడువు దాటాక నా భయం కాస్త తగ్గింది. ఆ తగ్గడమే నాకు ఇప్పటికీ అసహ్యం.

నెల తర్వాత నా కంప్యూటర్‌లోనే సీట్లు వచ్చినవాళ్ళ జాబితా చూసుకుంది. పేరు లేదు.

"నా దిమాగ్ గంతే ఉన్నట్టుందన్నా" అంది మెల్లగా.

అప్పుడూ నేను చెప్పలేదు. జోకు వేశాను. నన్ను నొప్పించడం ఇష్టం లేక నవ్వింది.

ఇప్పుడు కార్వాన్‌లో ట్యూషన్లు చెబుతోంది. ఏ అమ్మాయైనా పరిశోధన గురించి అడిగితే, "గది మన అసోంటోళ్ళకు రాదు బిడ్డా" అంటుందట. నిజం చెబితే ఆ సీటు తిరిగి రాదు. చెప్పకపోతే ఆమె తనను తాను తక్కువ చేసుకుంటూనే ఉంటుంది. ఇంత తెలిసీ, ఎదురుపడితే నాకు జోకే వస్తుంది. ఏం మనిషిని?

ఆమెకు చెప్పే ధైర్యం ఇవాళ కూడా లేదు. మీకు మాత్రం చెబుతున్నాను. స్వప్నకు సీటు వచ్చింది. ఈ వాక్యం ఇంతవరకు ఎక్కడా రాయలేదు, ఎవరితోనూ అనలేదు. రాశాక ఊపిరాడింది.