ఒలీవల మాకరోనీలో లేని చుక్క

1934వ సంవత్సరం శీతాకాలంలో నేను కాలువల శాఖ ఇంజనీరు దొర ఒకాయన దగ్గర కుక్కుగా, అంటే వంటవాడిగా ఉన్నాను. ఆయన బంగళా ఏలూరులో. పేరుకే ఏలూరు. నవంబరు మొదలు మార్చి దాకా మా మకామంతా పడవల మీదా, కొల్లేటి అంచున ఉండే ఇన్‌స్పెక్షన్ బంగళాల్లోనూ, ఆ పని ముగిస్తే తాడేపల్లిగూడెం బంగళాలోనూ సాగేది. వంట పడవ ముందు వెళ్లాలి, దొర పడవ వెనక రావాలి. దొర గట్టు మీద కాలు పెట్టేసరికి పొయ్యి మీద నీళ్లు మరుగుతూ ఉండాలి.

దొరల బంగళాల్లో హోదాల సంగతి ఈ కాలంవాళ్లకు తెలియదు. వంటకు సంబంధించినంతవరకు బట్లరే పెద్ద. సామాను గది తాళాలు, సీసాలు, బల్ల, వడ్డన అతనివి. కుక్కు అతని కింద. కుక్కు వండుతాడు గానీ బల్ల దగ్గరకు రాడు. దొర మాట కుక్కుకూ, కుక్కు మాట దొరకూ బట్లరు నోటి మీదుగానే చేరాలి. చెంచా ఎంత శుభ్రంగా ఉన్నా నోరు శుభ్రంగా లేకపోతే ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందుకే ఈ నియమం ముందే చెప్పి పెడుతున్నాను.

మా బట్లరు మునుస్వామి. చెన్నపట్నం మనిషి, యాభై దాటినవాడు. చెడ్డవాడని ఇప్పటికీ అనను.

మాది పెదపాడు దగ్గర పల్లె. క్రైస్తవ కుటుంబం. మా నాన్న సారా తాగి తాగి నలభై నిండకుండానే పోయాడు. ఆ ఏడే మా అమ్మ నన్ను గుడికి తీసుకువెళ్లి సంఘం ముందు నిలబెట్టి, మద్యం తాగనని, నాలుక మీద వేసుకోనని ప్రమాణం చేయించింది. అప్పటికి నాకు పదిహేడేళ్లు. దొర దగ్గర చేరిన రోజే ఈ సంగతి మునుస్వామికి చెప్పాను. నీళ్లలో దిగకుండా చేపలు పడతావన్నమాట అని నవ్వాడు.

నా భార్య రాహేలమ్మ ఏలూరులో మిషను వారి ఆడపిల్లల బడిలో పంతులమ్మ. మరో ముగ్గురు పంతులమ్మలతో ఒక గదిలో ఉండేది. పెళ్లయి ఆరేళ్లయినా మేమిద్దరం ఒక్క వర్షాకాలమైనా పూర్తిగా ఒక కప్పు కింద గడపలేదు. ఆ ఏడాది మిషను దొరసాని గారి వంటవాడు ముసలివాడై మానుకుంటున్నాడు. ఆ ఉద్యోగానికి కాంపౌండులోనే రెండు గదుల పెంకుటిల్లు ఇస్తారు. మీ ఆయనను మంచి చిట్టీతో తీసుకురమ్మని దొరసాని గారు రాహేలమ్మతో అన్నారు. చిట్టీ అంటే దొరలు మా పనిని మెచ్చి రాసిచ్చే యోగ్యతాపత్రం. మా బతుకంతా ఆ కాగితం ముక్కల మీదే. మా దొరకు జనవరిలో బదిలీ. ఆలోగా ఆయన చేత ఒక మంచి చిట్టీ రాయించుకోవాలి. అప్పుడు నాకున్న ఆశ అదొక్కటే.

డిసెంబరులో పై అధికారి ఒకాయన, ఇద్దరు స్నేహితులతో కొల్లేటికి బాతుల వేటకు వస్తున్నాడని కబురు వచ్చింది. మా దొర రోజూ సాయంత్రం ఒక పానీయం తాగేవాడు. జిన్ను అనే సీమ సారాలో వెర్మూత్ అనే ద్రాక్ష సారా కొంచెం కలిపి, ఒలీవకాయల సీసాలోని ఉప్పునీరు ఒక చెంచాడు పోసి, పైన ఒక కాయ వేసుకునేవాడు. దాన్ని మార్టినీ అంటారట. వచ్చే పెద్దదొరకు అదంటే ప్రాణం, గోధుమపిండి గొట్టాలతో చేసే మాకరోనీ అన్నా ప్రాణం. మా దొరకు ఒక కోరిక పుట్టింది. ఆ పానీయం రుచి మాకరోనీలో తగలాలి. కుక్కుకు చేతనవుతుందా అని బట్లరును అడిగాడట. అవుతుందని బట్లరు నన్ను అడగకుండానే చెప్పి వచ్చాడు.

ఒలీవల కొండ పేరు చిన్నప్పటినుంచి గుడిలో వింటున్నాను. ఆ కాయ మామిడికాయంత ఉంటుందని ఊహించుకున్నాను. తీరా చూస్తే పచ్చి రేగుకాయంత. కొరికితే ఉప్పు, వెనక చేదు. ఇందుకా ఇంత కొండ అనుకున్నాను. కాయను రుచి చూడటానికి నాకు అడ్డం లేదు, దాని ఉప్పునీటికీ అడ్డం లేదు. జిన్నుకే అడ్డం.

రుచి చూడని దాన్ని వండటం ఎలా? మునుస్వామి ఉపాయం చెప్పాడు. తాను పానీయం కలుపుకుని తాగి చూస్తాడు, తరువాత నా వంట రుచి చూసి ఎంత దూరం వచ్చిందో చెబుతాడు. నా నాలుకకు బదులు అతని నాలుక. నేను సీసా బిరడా ఒక్కటే పుచ్చుకుని వాసన చూశాను. నా ప్రమాణం నాలుకకు గానీ ముక్కుకు కాదు. ఆ బిరడా నుంచి మొదట నాకు తగిలిన వాసన ధనియాలది. చారుపొడికి వేయించినవి కాదు, పచ్చివి చేత్తో నలిపితే వచ్చే వాసన. దాని వెనక దబ్బకాయ తొక్కు. ఇంకా వెనక, కొత్త దేవదారు పెట్టె మూత తీసినప్పటి వాసన ఒకటి. ఆ మూడోదానికి నా దగ్గర సరుకు లేదు, వదిలేశాను. మిగతా రెండూ మన ఇళ్లలో ఉన్నవే. అయితే వంటలో ఒక్క చుక్క మద్యం వేయకుండానే ఆ రుచి తీసుకురావచ్చునని అప్పుడు తోచింది. వంట మనిషిగా నాకు జీవితంలో కలిగిన గర్వం అంతా ఆ ఒక్క క్షణంలో ఉంది. మునుస్వామితో కూడా చెప్పాను. మంచిదే కదా అన్నాడు.

మొదటి సాయంత్రం గేదెపాల మీగడ మరిగించి అందులో ఉప్పునీరు పోశాను. విరిగిపోయింది. రెండోసారి మాకరోనీని అలవాటు చొప్పున ఉప్పు వేసిన నీళ్లలో ఉడికించాను. దానికి ఒలీవల ఉప్పునీరు తోడై నోట పెట్టలేకపోయాం. మూడోసారి ఉప్పు మానేశాను. మాకరోనీ ఉడికిన గంజి ఒక గరిటెడు తీసి, వెన్నలో చితకకొట్టిన ధనియాలు, మిరియాలు వేడెక్కాక ఆ గంజి పోసి, అది దగ్గరపడ్డాక ఉప్పునీరు కలిపాను. పెనం దించేసి, సెగ తగ్గిన తరువాత చిలికిన మీగడ కొంచెం కొంచెంగా వేశాను. గంజి పట్టుకుని ఉంటే మీగడ విరగదు. ఈ సంగతి అంబలి కాచే ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. అందులో మాకరోనీ, సన్నగా తరిగిన ఒలీవలు, డబ్బాల్లో వచ్చే సీమ జున్ను తురుము వేసి, వడ్డించే ముందు దబ్బ తొక్కు పైపొర మాత్రం గీరి చల్లాను. తెల్లభాగం తగిలితే చేదెక్కుతుంది.

ప్రతిసారీ మునుస్వామి గ్లాసు నిండా కలుపుకుని, అడుగంటా తాగి, నా గరిటె నాకి, "ఇంకా రాలేదు" అన్నాడు. ఆరో సాయంత్రానికి వచ్చింది. అది మూడో సాయంత్రానికే వచ్చిందని నా అనుమానం.

విందు బాగా జరిగింది. ప్లేట్లు తుడిచినట్టు ఖాళీగా తిరిగి వచ్చాయి. భోజనాలయ్యాక దొర వంటశాల గుమ్మం దాకా వచ్చి, నా భుజం తట్టి వెళ్లాడు. దొరలు వంటశాల వైపు రావడం ఎన్నడూ ఎరుగను. రెండు వారాలకు చిట్టీ కూడా చేతిలో పెట్టాడు.

నాకు తెలుగు వచ్చు, ఇంగ్లీషు రాదు. క్యాంపు గుమాస్తా సుబ్బారాయుడు గారికి చూపించాను. ఆయనకు నా ప్రమాణం సంగతి తెలియదు. చదివి చాలా సంతోషించారు. "నీ నాలుకలాంటి నాలుక ఇంకోటి లేదని రాశాడయ్యా. ఇంక నీకేం లోటు!" అన్నారు. ఆ మాట పట్టుకుని ఆదివారం ఏలూరు వెళ్లాను.

మిషను దొరసాని గారు చిట్టీని రెండుసార్లు చదివారు. ఆవిడ తెలుగు పుస్తకాల తెలుగు. "నీవు మద్యము రుచి చూచితివా?" అని అడిగారు. లేదండీ అన్నాను. అప్పుడు ఆవిడ చిట్టీలోని ఒక వాక్యాన్ని తెలుగులో చెప్పారు. ఈ వంటవాడు ఆరు సాయంత్రాలు నా గ్లాసులోది రుచి చూసి చూసి, దాన్ని అచ్చంగా వంటలోకి దించాడు, పానీయాల విషయంలో ఇంత నమ్మకమైన నాలుకను నేను చూడలేదు అని మా దొర రాశాడు. "ఇది నీ యజమాని సంతకము. ఆయన అబద్ధము వ్రాసెనా?" అన్నారు. దొర అబద్ధం రాశాడని వంటవాడు ఎలా అంటాడు? ఆవిడ కాగితం మడిచి నా చేతికి ఇచ్చేశారు. కోప్పడలేదు కూడా.

తాడేపల్లిగూడెం బంగళాకు తిరిగి వచ్చి మునుస్వామిని నిలదీశాను. దాచలేదు. దొర జిన్ను సీసాకు అంటించిన కాగితం మీద పెన్సిలుతో గీత పెడతాడట. జిన్ను గీత కిందికి దిగింది, ఎందుకు దిగిందని దొర అడిగాడు. కుక్కు రుచి చూస్తున్నాడని మునుస్వామి చెప్పాడు. "ఇంకేం చెప్పమంటావు తంబీ? ఇరవై ఏళ్లుగా ఈ తాళాలు నా నడుముకు ఉన్నాయి" అన్నాడు. నిజం చెప్పమని కాళ్లా వేళ్లా పడ్డాను. నీకు సంఘం ఉంది, పెళ్లాం ఉంది, నాకీ దొర తప్ప ఎవరున్నారు అని ముఖం తిప్పుకున్నాడు.

ఆ రోజు నేను నియమం తప్పి దొర ఎదుటికే వెళ్లాను. ఆ వాక్యం తీసేసి వేరే చిట్టీ ఇవ్వమని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. దూషణ కాదు, పొగిడాను కదా అని వచ్చీరాని తెలుగులో అన్నాడు. నేను తాగలేదండీ అన్నాను. ప్రతి కుక్కూ చెప్పే మాటే అన్నట్టు నవ్వాడు. ఆ వాక్యం తీసేస్తే ఇందులో ఇంకేం మిగులుతుందని అడిగాడు. నమ్మకస్తుడు, శుభ్రంగా ఉంటాడు అని అందరికీ రాస్తారట. ఆయన చెప్పినది నిజమే. నాకు కావలసిందల్లా ఆ అందరికీ రాసే మాటే. అది ఆయనకు అర్థం కాలేదు. మునుస్వామి పేరెత్తితే అతను దొంగవుతాడు. ఎత్తలేదు. అది మంచితనమని అనుకునేవాణ్ణి. ఇప్పుడు పిరికితనమని తెలుసు.

మిషను ఉద్యోగం వేరేవాళ్లకు వెళ్లింది. అంతటితో పోలేదు. మాట మా పల్లె సంఘానికి చేరింది. ప్రమాణం తప్పినందుకు, తప్పు ఒప్పుకునే దాకా నన్ను గుడిలో రొట్టె పంచే ప్రభువు బల్ల దగ్గరకు రానివ్వకూడదని పెద్దలు తీర్మానించారు. చేయని తప్పు ఎలా ఒప్పుకోనని మొండికేశాను. కాగితం చూపించారు. మూడు నెలలు గుడిలో వెనక వరుసలో కూర్చుని, రొట్టె పళ్లెం నా ముందునుంచి దాటిపోవడం చూశాను.

అప్పుడు రాహేలమ్మకు బడిలో మాట వచ్చింది. తాగుబోతు భర్త ఉన్న పంతులమ్మను వచ్చే ఏడాది ఉంచాలా అని ఆలోచిస్తున్నారు. రాహేలమ్మ నాతో, "మీరు తాగలేదని నాకు తెలుసండీ. నాకు తెలిసినంత మాత్రాన బడివాళ్లు ఊరుకోరు కదండీ. ఒప్పేసుకోండి" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే కోప్పడి తప్పించుకునేవాణ్ణి.

మరుసటి ఆదివారం లేచి నిలబడ్డాను. జిన్ను రుచి చూశానని, ఆరు సాయంత్రాలు చూశానని, పశ్చాత్తాపపడుతున్నానని చెప్పాను. నేను నిజం చెప్పినన్నాళ్లూ తల తిప్పుకున్న పెద్దలు ఈ అబద్ధానికి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పాస్టరుగారు చేయి పట్టుకుని ముందుకు తీసుకువెళ్లారు. రొట్టె ఇచ్చారు. రాహేలమ్మ ఉద్యోగం నిలబడింది.

ముందు వరుసలో చాప మీద మా అమ్మ కూర్చుని ఉంది. అంతవరకు ఆవిడ ఒక్కతే పెద్దలతో పోట్లాడుతూ, నా కొడుకు అలాంటివాడు కాదండీ అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆ రోజు నా నోటితోనే విన్నది. తరువాత అమ్మకు నిజం చెప్పాలంటే, గుడిలో దేవుని ముందు అబద్ధం చెప్పానని చెప్పాలి. చెప్పలేకపోయాను. అప్పటినుంచి నేను ఇంటికి వెళ్లినప్పుడల్లా అమ్మ మంచినీళ్లు ఇచ్చే నెపంతో దగ్గరకు వచ్చి నా నోరు వాసన చూసేది. పద్నాలుగేళ్లు, పోయేదాకా, అలాగే చూసింది. ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. చుక్క మద్యం లేని మాకరోనీలో నలుగురు దొరలకు మద్యం రుచి తగిలేట్టు చేసినవాణ్ణి నేను. మా అమ్మకు మాత్రం నాలో అది లేదని చూపించలేకపోయాను.

ఆ చిట్టీ తరువాత మరో ముప్పై ఏళ్లు పనిచేశాను. దొరలు పోయి మన ఆఫీసర్లు వచ్చారు. నేనూ బట్లరునయ్యాను. తాళాలు నా నడుముకు వచ్చాయి. నా కింద పనిచేసిన కుక్కుల చిట్టీలన్నీ ఇద్దరు వేరు వేరు మనుషుల చేత మాటకు మాట చదివించి గానీ పెట్టెలో పెట్టనివ్వలేదు. వంట గురించి ఎవరు ఏమి అడిగినా కుక్కును బల్ల దగ్గరకు పిలిపించి, అతని నోటితోనే జవాబు చెప్పించాను. ఇది పద్ధతి కాదని కొందరు ఆఫీసర్లు విసుక్కున్నారు. విసుక్కోనిచ్చాను. వండినవాడి మాట వండినవాడే చెప్పుకోవాలి. ఆ దొర దగ్గరి ఉద్యోగం నాకు నేర్పింది ఇదొక్కటే. ఆ సంగతి నేర్చుకునేసరికి మా అమ్మ నమ్మకం పోయింది.